ఏడో తరం

తలుపు వేసి ఉంది. తలుపు బయట పన్నెండు పదిహేను మంది నిలబడి ఉన్నారు.

1865 మార్చి 17, శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండున్నర. జపాన్‌లో నాగసాకి రేవు. కింద నీళ్లలో విదేశీ ఓడలు. పైన కొండవాలున విదేశీయుల పేట. ఆ పేటలో కట్టి మూడు నెలలైనా నిండని చర్చి. పేరు ఓఉరా. కొయ్య వాసన ఇంకా వదల్లేదు. ఊళ్లోవాళ్లు దాన్ని ఫ్రెంచి గుడి అంటున్నారు. గుంపులుగా వస్తారు, నోరు తెరిచి చూస్తారు, వేలుపెట్టి చూపించుకుని నవ్వుకుంటారు, పోతారు.

ఈ గుంపు మాత్రం నవ్వడం లేదు.

ఫాదర్ బెర్నార్డ్ పెతిజాన్ వాళ్లని చూశాడు. ఆయనకి ముప్ఫై అయిదేళ్లు. పారిస్ విదేశీ మిషన్ల సంఘం గురువు. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. చూస్తే పల్లెటూరి రైతులు. కానీ ఆ నిలబడ్డ తీరు వేరుగా ఉంది. వింత చూడ్డానికి వచ్చినవాళ్లు అంత ఒద్దికగా నిలబడరు. పెతిజాన్ గబగబా వెళ్లి తలుపు తీశాడు.

తీసినందుకు ఆయనకేం కాదు. విదేశీయులు తమ పేటలో చర్చి కట్టుకోవచ్చు, పూజ చేసుకోవచ్చు. ఒప్పందంలో రాసుంది. కానీ ఆ గడప దాటి లోపలికొచ్చిన జపాన్ మనిషి నేను క్రైస్తవుణ్ణి అన్నాడో, అతనికి చెర. చెరతో పోతే అదృష్టం.

ఆయన నడవ మధ్యలోంచి పీఠం వైపు నడిచాడు. వెనక అడుగులు వినపడుతున్నాయి. మెత్తటి అడుగులు. పీఠం ముందు మోకాళ్లూనాడు. ఒక్క పరలోక జపం చెప్పుకునేంత సేపు కూడా అయిందో లేదో, ముగ్గురు ఆడవాళ్లు వచ్చి ఆయన పక్కనే మోకాళ్లూనారు. యాభై, అరవై మధ్య వయసు. ఒకామె గుండె మీద చెయ్యి పెట్టుకుంది. గోడలు వింటాయేమో అన్నట్టు గొంతు బాగా తగ్గించి నోరు విప్పింది.

ఆ నోటికి ఆ మాట రావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది.

*

ఉరకామి. నాగసాకికి ఉత్తరాన ఉన్న పల్లె. ఏటా కొత్త సంవత్సరం మొదట్లో అక్కడో తంతు జరిగేది. చోటు, గ్రామాధికారి ఇల్లు. చలికి నేల కొరికేస్తూ ఉంటుంది. లెక్కల పుస్తకం ముందేసుకుని గుమాస్తా కూర్చుంటాడు. పేరు చదువుతాడు. ఆ పేరుగలవాళ్లు చెప్పులు విడిచి, ముందుకొచ్చి, నేల మీద పెట్టిన పలక మీద కాలు వెయ్యాలి.

పలక ఇత్తడిది. చుట్టూ చెక్క. ఇత్తడి మీద క్రీస్తు బొమ్మ, లేదంటే బిడ్డనెత్తుకున్న మరియమ్మ. తొక్కీ తొక్కీ ముక్కు అరిగిపోయింది. కళ్లు అరిగిపోయాయి. దీన్ని ఫుమియే అంటారు. అంటే తొక్కుడు బొమ్మ. తొక్కితే పుస్తకంలో పేరు పక్కన గుర్తు పడుతుంది, ఇంటికెళ్లొచ్చు. కాలు వెనక్కి తీస్తే ఇంక ఇల్లు లేదు.

అందుకని తొక్కారు. తాత తొక్కాడు, తండ్రి తొక్కాడు, నడుము వంగిన ముసలమ్మ కొడుకు భుజం పట్టుకుని తొక్కింది, మంచం మీంచి లేవలేనివాడి దగ్గరికి పలకే మోసుకొస్తే పడుకునే అరికాలు ఆనించాడు, ఇంకా నడక రాని పసిబిడ్డ పాదాన్ని తల్లి తన చేత్తోనే పట్టుకుని ఆ చల్లటి ఇత్తడికి తాకించి, గుమాస్తా తలెత్తి తన ముఖం చూడకముందే బిడ్డని గుండెకి అదుముకుని పక్కకి తప్పుకుంది.

తర్వాత అందరూ ఇళ్లకెళ్లారు. తలుపులు గడియపెట్టారు. పశ్చాత్తాప ప్రార్థన మొదలుపెట్టారు.

ఆ ప్రార్థన వాళ్లకో చిన్న పుస్తకంలోంచి వచ్చింది. గురువు అందుబాటులో లేనప్పుడు పాపానికి మనస్ఫూర్తిగా దుఃఖపడటం ఎలాగో నేర్పే పుస్తకం. 1603 నాటిది. అచ్చుప్రతులు పోయినా చేతిరాత ప్రతులు మిగిలాయి, అవీ దొరకనివాళ్లకి నోటిమాట మిగిలింది. ఉదయం తొక్కడం, రాత్రి ఏడవడం. మళ్లీ ఏడాది మళ్లీ అదే. క్షమాపణ దొరికిందో లేదో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఎందుకు లేరంటే, గురువుల్ని ఒక్కర్నీ మిగల్చలేదు.

1549లో ఫ్రాన్సిస్ జేవియర్ కగోషిమాలో దిగినప్పుడు విత్తు పడింది. నలభై ఏళ్లు తిరక్కుండానే పాలకులకి అనుమానం మొదలైంది. 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో నిషిజాకా గుట్ట మీద 26 మందిని సిలువలెక్కించి ఈటెలతో పొడిచారు. అందులో మనవాడొకడున్నాడు. ముంబై దగ్గర వసైలో పుట్టిన గొన్సాలో గార్సియా. 1614లో దేశమంతటా నిషేధం. ఆ తర్వాత వేట. ప్రతి కుటుంబం ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు రాయించుకోవాల్సిందే. చస్తే భిక్షువే వచ్చి అంత్యక్రియ చెయ్యాలి. 1644లో, దేశంలో మిగిలిన చివరి గురువునీ చంపారు. పేరు మాన్షో కొనిషి.

ఇక దివ్యపూజ లేదు. పాపసంకీర్తనం వినే చెవి లేదు. చచ్చేవాడికి అవస్థ అభ్యంగనం లేదు. నాగసాకి అధికారుల లెక్క ప్రకారం క్రైస్తవం చచ్చిపోయింది.

*

బాస్తియన్ అనే ఉపదేశి ఉండేవాడు. మన పల్లెల్లో గురువు నెలకోసారి వచ్చే రోజుల్లో మిగతా దినాలన్నీ గుడిని నిలబెట్టిన ఉపదేశులు ఉన్నారే, అలాంటివాడే. జపాన్ మనిషి. కొండల్లో దాక్కుంటూ తిరిగి, చివరికి పట్టుబడి, 1650ల చివర్లో తల పోగొట్టుకున్నాడు. పోయేముందు తనవాళ్లకి రెండు వదిలిపెట్టాడు.

ఒకటి పంచాంగం. ఏ రోజు ఏ పండగ, తపస్సుకాలం ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు.

రెండోది మాట. ఏడు తరాల దాకా మీరు నా బిడ్డలే. ఆ తర్వాత పెద్ద నల్ల ఓడలో గురువులొస్తారు, వారం వారం పాపసంకీర్తనం చేసుకోవచ్చు, వీధుల్లో గొంతెత్తి పాడుకోవచ్చు అని. ఇది పుస్తకాల్లోకెక్కిన మాట కాదు. అమ్మమ్మ చెవి నుంచి మనవరాలి చెవికి పోయిన మాట.

ఏడు తరాలు! విన్న మొదటి తరానికి ఆ లెక్క ఎలా ఉండి ఉంటుంది? నువ్వు చూడవు, నీ కొడుకు చూడడు, నీ మనవడి మనవడు కూడా చూడడు. అయినా జపం చెయ్యి.

చేశారు. ఉరకామిలో దానికో ఏర్పాటు ఉంది. పంచాంగం దాచి, లెక్క తప్పకుండా చూసే పెద్ద ఒకడు. పుట్టిన బిడ్డకి రహస్యంగా జ్ఞానస్నానం ఇచ్చేవాడు ఒకడు. ఇవాళ ఉపవాసం, రేపు పండగ అని గడప గడపకీ కబురు మోసేవాడు ఒకడు. ఇళ్లలో తెల్ల పింగాణీ బొమ్మలుండేవి. చైనా నుంచి వచ్చినవి. ఒళ్లో బిడ్డతో కన్నోన్ దేవత. సోదా చేసే అధికారికి ఆమె కన్నోన్. దీపం ఆర్పాక ఇంట్లోవాళ్లకి మరియమ్మ.

జపాల్ని ఒరాషో అనేవారు. లాటిన్ మాట ఒరాసియో అరిగి అలా అయింది. మధ్యలో మాటలు కూడా అరిగాయి. కొన్నిటికి అర్థమే పోయింది. తాత పెదాలు ఎలా కదిలితే అలాగే కదిపారు, అంతే. ఇంట్లో ఎవరైనా పోతే భిక్షువు ముందు గదిలో సూత్రాలు చదివేవాడు. పక్క గదిలో ఆడవాళ్లు నోట్లోనే తమ జపం చెప్పుకునేవాళ్లు. ఆ చదువు ఈ శవానికి అంటకూడదని.

పెద్ద తర్వాత పెద్ద. మొదటివాడు మగోఎమోన్. పంచాంగం చేతులు మారుతూ వచ్చింది. ఏడోవాడి చేతికి వచ్చింది.

ఏడోవాడి పేరు కిచిజో.

1853లో నిజంగానే నల్ల ఓడలొచ్చాయి. అమెరికన్ కమొడోర్ పెర్రీవి. దేశాన్ని ఏలే షోగున్ ఉండే ఎదో నగరం ముందు సింధుశాఖలో లంగరేశాయి. దేశం గడగడలాడింది. కానీ వాటిలోంచి దిగింది తుపాకులూ ఒప్పందాలూ. గురువు దిగలేదు. మూడేళ్లకి, 1856లో, ఉరకామి మీద దాడి పడింది. లోపలి సంగతి ఎవరో బయటపెట్టారు. పెద్దల్ని కట్టి తీసుకుపోయారు. ఇళ్లలో దాచిన తెల్ల బొమ్మలు ఊడ్చుకుపోయారు. కిచిజోని చెరలో వేశారు.

కిచిజో చెరలోనే చచ్చిపోయాడు. అతని తర్వాత ఎనిమిదో పెద్ద లేడు. ఏడు తరాలూ అయిపోయాయి. గురువు మాత్రం రాలేదు.

*

రావడం అప్పటికే మొదలైందని చెరలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది?

1858లో ఒప్పందాలు కుదిరాయి. 1862లో రోమ్‌లో పోపు తొమ్మిదో పియస్ ఆ నిషిజాకా 26 మందినీ పునీతులుగా ప్రకటించాడు. 1863లో ఫాదర్ లూయీ ఫ్యూరే నాగసాకి చేరాడు. వెనకాలే పెతిజాన్. గుట్ట వైపు ముఖం తిప్పి, ఆ 26 మంది పేరు మీద చర్చి మొదలుపెట్టారు. కట్టింది అమకుసా మేస్త్రీ, కొయామా హిదెనోషిన్. ఇక్కడ ఎక్కడో ఆ పాత క్రైస్తవుల వంశం మిగిలి ఉండకపోతుందా అని ఇద్దరికీ ఆశ. వెతికారు. ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు. చర్చి పూర్తి కాకముందే ఫ్యూరే ఫ్రాన్స్ ఓడెక్కేశాడు.

పెతిజాన్ మిగిలాడు. ఫిబ్రవరి 19న చర్చిని ఆశీర్వదించారు. నాలుగు వారాలు గడవలేదు. ఇదిగో, పీఠం ముందు ఆయన, పక్కన ముగ్గురు ఆడవాళ్లు.

గుండె మీద చెయ్యి పెట్టుకున్నామె పేరు ఇసబెలినా యూరి సుగిమోతో అని తర్వాత చెప్పుకున్నారు. ఆమె అన్నది ఇంతే. ఇక్కడున్న మా అందరి గుండె, నీ గుండె ఒకటే.

పెతిజాన్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. మీదే ఊరని అడిగాడు. ఉరకామి అంది. ఉరకామిలో దాదాపు అందరి గుండే ఇదేనంది.

వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. శాంత మరియ స్వరూపం ఎక్కడ అని.

శాంత మరియ! జపాన్ పల్లెటూరి పెదాల మీద ఆ పేరు వినగానే పెతిజాన్‌కి ఇంక సందేహం మిగల్లేదు. లేచాడు. పక్క పీఠం దగ్గరికి నడిపించాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన స్వరూపం. చేతిలో బాలయేసు. వాళ్లు చూశారు. మోకాళ్లూనారు. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడేస్తున్నారు. అవును ఆమే, చేతిలో ఉన్నది చిన్ని యేసే అని. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పింగాణీ కన్నోన్ ముఖంలో వెతుక్కున్న ముఖం అది.

అంతలో తలుపు దగ్గర అలికిడయింది.

వేరే సందర్శకులు లోపలికొస్తున్నారు. ఎవరో, ఏమిటో. ఉరకామి వాళ్లు చెప్పా పెట్టకుండా విడిపోయారు. ఒకళ్లు స్తంభం వైపు, ఒకళ్లు కిటికీ వైపు. ముఖాలు మారిపోయాయి. వింత చూడ్డానికొచ్చిన పల్లెటూరి జనం. రెండు వందల ఏళ్ల అభ్యాసం మరి. కొత్తవాళ్లు చూసి వెళ్లిపోయారు. ఉరకామి వాళ్లు మళ్లీ ఆయన చుట్టూ చేరారు.

అప్పుడొచ్చింది అసలు సంగతి.

చలికాలంలో యేసు పుట్టిన పండగ చేసుకుంటామన్నారు. ఇప్పుడు నడుస్తున్నది దుఃఖ కాలమన్నారు. ఇవాళ్టికి పదిహేడో రోజు. మీక్కూడానా అని అడిగారు.

ఆ ఏడు విభూది బుధవారం మార్చి 1. పదిహేడో తేదీకి తపస్సుకాలం సరిగ్గా పదిహేడో రోజు. పారిస్ నుంచి వచ్చిన గురువు లెక్కా, తల తెగిన ఉపదేశి పంచాంగం లెక్కా ఒక్క రోజు కూడా తేడా రాలేదు. చెరలో చచ్చిపోయిన కిచిజో అన్నాళ్లూ కాపాడింది ఆ ఒక్క రోజునే.

అవునన్నాడు పెతిజాన్. మాక్కూడా ఇవాళ పదిహేడో రోజే.

మర్నాడే యొకొహామాలో ఉన్న ఫాదర్ గిరార్‌కి ఉత్తరం రాశాడు. తర్వాత రోమ్‌కి కబురెళ్లింది. తొమ్మిదో పియస్ దాన్ని తూర్పు దేశపు అద్భుతం అన్నాడు. ఉరకామి నుంచి మాత్రం ఇంకా వస్తూనే ఉన్నారు. ఇంతమంది ఒక్కసారి రావద్దని గురువే బతిమాలాల్సి వచ్చింది. మే నెలలో ఒక దీవి నుంచి పీటర్ అనే జ్ఞానస్నాన పెద్ద వచ్చాడు. తొందరపడి నమ్మే రకం కాదు. రోమ్‌లో ఉన్న పెద్ద పేరేమిటని అడిగాడు. చెప్పారు. మీకు పెళ్లాం పిల్లలున్నారా అని అడిగాడు. లేరన్నారు. పీటర్ నుదురు నేలకి ఆనించాడు.

ఇక్కడితో కథ ఆపేస్తే ఎంతో బావుండేది.

*

1867. చట్టం మారలేదు. మారింది ఉరకామి. గురువు దొరికాక ఇంక దాక్కోవడం వాళ్లవల్ల కాలేదు. తమవాళ్ల శవాలకి భిక్షువు వద్దన్నారు. అన్న మాట అధికారుల దాకా పోయింది. జులై 14 అర్ధరాత్రి దాటాక బంట్రోతులు ఊరి మీద పడ్డారు. రహస్య మందిరాలు పగిలాయి. 68 మందికి పెడరెక్కలు విరిచి కట్టారు.

హింస పెట్టారు. ఒక్కొక్కరే లొంగారు. వదిలేశామన్నారు. కాగితం మీద వేలిముద్ర పడింది. చివరికి ఒక్కడు మిగిలాడు. తకగి సెన్ఎమోన్. ఎన్ని పెట్టినా వదల్లేదు. లొంగి ఇళ్లకెళ్లినవాళ్లకి ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. మళ్లీ గ్రామాధికారి గడప తొక్కారు. మేమన్నది వెనక్కి తీసుకుంటున్నాం, రాసుకోండి అన్నారు.

ప్రభుత్వం మారింది. షోగున్ పోయి చక్రవర్తి వచ్చాడు. కొత్త ప్రభుత్వం ఊరినే ఖాళీ చేయించింది. 1868లో ముందు పెద్దల్ని, 1870లో మిగతా అందర్నీ. 3,300 మందికి పైగా మనుషులు, పసిపిల్లల దగ్గర్నుంచి పండు ముసలి దాకా, ఓడల్లోకి ఎక్కించి, తల్లిని ఒక చోటికీ తండ్రిని ఒక చోటికీ చీల్చి, వాళ్ల యాస కూడా తెలియని దూరపు సంస్థానాలకి పంచేశారు.

త్సువానో అనే చోటికి వెళ్లినవాళ్లది మరీ ఘోరం. కొండల మధ్య మంచు పడే ఊరు. చెరువు మీద మంచు పేరుకున్న రోజున సెన్ఎమోన్‌ని బట్టలూడదీసి నీళ్లలోకి తోశారు. వణికి నీలం తిరిగాక బయటికి లాగి, మంట దగ్గర పెట్టి, వదిలేస్తావా అని అడిగారు. లేదన్నాడు. యసుతారో అనే అతన్ని మూడడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు బోనులో కుక్కారు. నిలబడటానికి లేదు. కాళ్లు చాపడానికి లేదు. యసుతారో ఆ బోనులోంచి బతికి బయటికి రాలేదు.

ఏడు తరాలు ఎదురుచూసిన ఫలం ఇదేనా అని బోను బయట ఉన్నవాళ్లెవరైనా అనుకున్నారేమో. అనుకున్నట్టు ఎవరూ చెప్పలేదు.

ప్రవాసంలో 600 మందికి పైగా పోయారు. యూరప్, అమెరికా తిరుగుతున్న జపాన్ రాయబారులకి వెళ్లిన చోటల్లా క్రైస్తవుల్ని ఎందుకు హింసిస్తున్నారన్న ప్రశ్నే ఎదురైంది. 1873 ఫిబ్రవరి 24న, క్రైస్తవం నిషిద్ధం అని వీధి కూడళ్లలో పాతిన పలకలు పీకేశారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పలకలు పీకారు, అంతే.

మిగిలినవాళ్లు ఉరకామికి నడిచి వచ్చారు. ఇళ్లు కూలాయి. పొలాలు బీడుపడ్డాయి. ఆ అయిదారేళ్ల గురించి చెప్పాల్సొచ్చినప్పుడల్లా వాళ్లొక మాట వాడేవాళ్లు. తబి. అంటే ప్రయాణం. చెర అనలేదు, శిక్ష అనలేదు. ప్రయాణం నుంచి వచ్చాం అన్నారు.

ఏడేళ్లకి ఊళ్లో ఒక ఇల్లు అమ్మకానికి దొరికింది. పెద్ద ఇల్లు. పాత గ్రామాధికారిది. గుమాస్తా పేర్లు చదివిన ఇల్లు. ఇత్తడి పలక పెట్టిన నేల. గింజుకుని, కూడబెట్టుకుని, కొన్నారు. చర్చిగా మార్చారు. అదే నేల మీద మోకాళ్లూని గొంతెత్తి జపమాల చెప్పుకున్నారు.

అది 1880. కిచిజోని పట్టుకుపోయి అప్పటికి 24 ఏళ్లు. అతని రోజుల్లో ఉరకామి ఇళ్లలోంచి ఊడ్చుకుపోయిన తెల్ల పింగాణీ బొమ్మలు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.